చిట్టి కాలికి కడియం

వాన పడితే మా ఊరికి వచ్చేవాళ్ళంతా తల కిందికి వేసుకుని వస్తారు. వజ్రకరూరు చుట్టుపక్కల పల్లెలన్నింటిదీ ఇదే తంతు. ఎర్రమట్టి తడవడం ఆలస్యం, ఎక్కడెక్కడి జనమో సంచులు తగిలించుకుని దిగిపోతారు. మెరిసే రాయి ఒక్కటి దొరికితే చాలని నేలంతా కళ్ళతో ఊడ్చేస్తారు. తల పైకెత్తుకుని వచ్చింది మాత్రం నందిని వాళ్ళే మొదలు. భాద్రపదం చివర్లో జీపు దిగి, మెడలో బైనాక్యులర్లు వేసుకుని, మా బీడు గట్టు మీద నిలబడి ఆకాశంలోకి చూడడం మొదలుపెట్టారు. ఊళ్ళో సగం మంది, ఈసారి వజ్రాలు పైనుంచి పడుతున్నాయేమోనని తామూ తలలెత్తారు.

నందిని పిట్టల మీద పరిశోధన చేసే పిల్ల. చలిదేశాల నుంచి గులాబిరంగు గోరింకలూ తోకాడించే పిట్టలూ మన దిక్కుకు వచ్చే కాలం ఇదేనట. వెంట్రుకంత సన్నటి వలలు కట్టి, వాటిని పట్టి, తూకం వేసి, కాలికి అంకెలున్న చిన్న కడియం తొడిగి వదిలేస్తారు. మళ్ళీ ఎక్కడైనా దొరికితే, ఏ పిట్ట ఎక్కడి నుంచి ఎక్కడికి తిరిగిందో తెలుస్తుంది. "పిట్టలకు ఆధార్ కార్డు అనుకో వదినా," అని జిలాన్ బాషా నాకు ఒక్క ముక్కలో తేల్చి చెప్పాడు. బాషా మా ఆయనకు చిన్నప్పటి స్నేహితుడు, ఊళ్ళో మైకుసెట్టూ ఫ్లెక్సీల వ్యాపారమూ అతనిదే.

మా ఆయన ఆ బీడు వాళ్ళకు ఇచ్చింది దయతో కాదు. మండలంలో ఎన్నికలు దగ్గరపడ్డాయి. కిందటిసారి టికెట్టు అడగబోతే పార్టీ వాళ్ళు "నీకు ఇమేజ్ లేదప్పా" అన్నారు. అప్పటి నుంచి ఇమేజ్ ఎక్కడ దొరుకుతుందా అని, వజ్రాల వాళ్ళకంటే ఎక్కువగా వెతుకుతున్నాడు. నందిని వచ్చి స్థలం అడగ్గానే మొహం వెలిగిపోయింది. మర్నాటికల్లా బీడు మొగదలలో ఫ్లెక్సీ లేచింది: "పక్షి ప్రేమికులు, ప్రకృతి పుత్రులు బయపరెడ్డి గారికి ఘన స్వాగతం." తన పొలంలోకి తనే స్వాగతం చెప్పుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. చుట్టూ బాషా కంప్యూటర్లో దొరికిన పిట్టలన్నీ ఉన్నాయి. చిలక, నెమలి, మూలన ఒక పెంగ్విన్.

అయితే ఈ పక్షి ప్రేమికుడికి ఇంట్లో నిజంగానే ఒక పక్షి ఉంది. దాన్ని నేను సవతి అంటాను. ఆయన చిట్టి అంటాడు.

చిట్టి ఒక కౌజుపిట్ట. కోడిపిల్ల కంటే కొంచెం పెద్దది, ఒంటినిండా మట్టిరంగు గీతలు. కొన్నేళ్ళ కిందట వేరుశెనగ పీకేటప్పుడు, కాళ్ళ మీద కూడా సరిగ్గా నిలబడలేని కూన ఒకటి సాళ్ళలో దొరికితే, తువ్వాలులో చుట్టి తెచ్చాడు. పుట్టలు తవ్వి చెదలు తెచ్చి ఒక్కొక్కటే వేలితో తినిపించాడు. నాకు జ్వరమొస్తే మాత్రలు తేవడం మరిచిపోయే మనిషి! అది పెరిగి పెద్దదై, ఆయన వెనకాలే పొలానికి పోవడం, వెనకాలే రావడం నేర్చుకుంది. ఆయన కూర్చుంటే చెప్పు మీదెక్కి కూర్చుంటుంది. పంజరం ఉంది గానీ, తలుపు వేస్తే అలుగుతుందని ఎప్పుడూ వేయడు. నేను అలిగితే మాత్రం "ఏమైందే నీకు, ఎండ తగిలిందా?" అంటాడు.

వలలు కట్టడానికి ముందురోజు ఫారెస్టు రేంజరు ఇమ్మానుయేల్ మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగుతూ అసలు సంగతి కదిపాడు.

"ఈ పక్క కౌజుల్ని సాకేది ఎక్కువంట గదన్నా. అది నేరం. దొరికితే కేసే. ఎవురన్నా సాకుతాంటే చెప్పండి, మీరు పెద్దమనిషి."

సరిగ్గా అప్పుడే లోపలి గదిలో చిట్టి గొంతెత్తింది. మా ఆయన దగ్గాడు. అది ఇంకా గట్టిగా అరిచింది. ఆయన ఇంకా గట్టిగా దగ్గి, "ఏమే, చట్నీ ఎయ్యి!" అని నా మీద అరిచాడు. నాకు అర్థమైంది. జారులో ఏమీ లేకుండానే మిక్సీ తిప్పాను. రేంజరు కాఫీ అయ్యేదాకా తిప్పుతూనే ఉన్నాను. అతను పోయాక మిక్సీ ముట్టుకుంటే కాలింది.

"ఇప్పుడెట్ల?" అన్నాను.

"ఎట్లేముందే. ఇది బయటపడితే కేసు పడతాది. కేసు పడితే టికెట్టు మాట దేవుడెరుగు, పార్టీ ఆఫీసు గడప కూడా తొక్కనీరు. దాన్ని గూడా ఎత్తకపోతారు."  చిట్టిని శెనగ మూటల గదిలో పెట్టి, గది తలుపు తనే గడియ వేశాడు. పంజరం తలుపు మాత్రం వేయలేదు.

మర్నాడు తెల్లవారకముందే వలలు లేచాయి. ఎండ పొడిచేసరికి రేంజరుతో సహా ఊరంతా బీడులో ఉంది. బాషా మైకు కట్టాడు. మా ఆయన తెల్లచొక్కా వేసుకుని మైకు పట్టుకున్నాడు. మైకులో ఆయన గొంతు వినబడితే మా వీధిలో తలుపులు మూసుకుంటారు. చిట్టి ఒక్కటే ఆ గొంతు విని, గది గోడకున్న కోళ్ళ కంతలో దూరి బయటికి పరిగెత్తింది. ఆయన ఎక్కడుంటే అక్కడికి పోవడమే దానికి తెలిసిన దారి. మధ్యలో వల ఉందని దానికేం తెలుసు.

"ఈ మూగజీవాల కోసం నా ప్రాణమైనా..." అని మా ఆయన ఊపులో ఉండగా, నందిని గుడ్డసంచి పట్టుకుని సంబరంగా వచ్చింది.

"సార్, కౌజు పడింది! వలస పోయే పిట్ట కాదు, అయినా రింగు వేశాం. ఇంత నెమ్మదైన కౌజును నేనెప్పుడూ చూడలేదు. ముక్కుతో నా వాచీ పొడిచింది గానీ ఒక్కసారి కూడా పెనుగులాడలేదు. మీ చేతుల మీదుగా వదలండి."

సంచిలోంచి తీసి ఆయన చేతుల్లో పెట్టింది. కాలికి కొత్త కడియం తళతళలాడుతోంది. మా ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. చిట్టి మాత్రం తల వంచి ఆయన బొటనవేలిని మెల్లగా కొరికింది, చెదలు యాడ అన్నట్టు. ఊళ్ళో వాళ్ళంతా గుర్తుపట్టారు. నా పక్కనున్న మారెక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఆయన చేతులెత్తి చిట్టిని గాల్లోకి వదిలాడు. అది నాలుగుసార్లు రెక్కలు కొట్టి, చిన్న చుట్టు తిరిగి, వచ్చి ఆయన చెప్పు మీద వాలింది. ఫొటో తీస్తున్న వాళ్ళు ఫోన్లు దించారు. ఆయన కాలు కదిపాడు. అది దిగి, పంచె అంచు పట్టుకుని లాగింది.

"అన్నా, ఇది మీకు బాగా అలవాటున్నట్టుండాదే?" అన్నాడు రేంజరు.

"నాకేం సంబంధం సార్? దీన్ని ఈ పొద్దే చూస్తాండా."

ఆ మాట అని, కాలితో దాన్ని పక్కకు నెట్టాడు. అది ఆట అనుకుని మళ్ళీ వచ్చింది. ఈసారి గట్టిగా తోశాడు. అది రెండు పొర్లు పొర్లి మట్టిలో పడి, లేచి, అక్కడే నిలబడి ఆయన్నే చూసింది. అంతవరకూ నవ్విన వాళ్ళు ఒక్కరూ నవ్వలేదు. నిజం చెప్పిన వాళ్ళూ ఒక్కరు లేరు. బాషా వంగి, బాగానే ఉన్న మైకు వైరును బాగుచేయసాగాడు.

నందిని దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. "ఇది సాకిన పిట్టే సార్," అంది రేంజరుతో. "వదిలేస్తే సాయంత్రానికి ఏ కుక్క నోట్లోనో ఉంటుంది."

"సాకినోడెవడో తేలాల," అన్నాడు రేంజరు, ఫైలు తెరుస్తూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. పిట్ట మీద ప్రేమ పొంగి కాదు. దాని రెట్టలు కడిగి కడిగి నా నడుము వంగిపోయింది. కానీ నమ్ముకుని కాళ్ళ దగ్గరికి వచ్చిన దాన్ని ఊరందరి ముందు కాలితో తోశాడే, అది చూసి తట్టుకోలేకపోయాను. యూనిఫారం కనబడగానే దీన్ని తెలీదన్నవాడు, రేపు ఇంకో పెద్ద టోపీ వాడు వచ్చి అడిగితే నన్ను తెలీదనడని ఏం నమ్మకం?

జనాన్ని తోసుకుని ముందుకు పోయాను.

"అది నాది సార్. నేనే సాకినా. కేసు నా పేరు మీద రాయండి."

మా ఆయన గుడ్లప్పగించి చూశాడు. రేంజరు పెన్ను తీశాడు.

"పేరమ్మా?"

"యశోదమ్మ."

"భర్త పేరు?"

నేను పలకలేదు.

"చెప్పకూడదా అమ్మా? మా అమ్మ గూడా మా నాయన పేరు పలకదు. ఎవురన్నా చెప్పండప్పా."

"ఆచారం కోసరం కాదు సార్. నాకు తెల్దు."

"భర్త పేరు తెల్దా?"

"తెల్దు." మా ఆయన వైపు చెయ్యి చూపించాను. "ఈ యప్పను నేను ఈ పొద్దే చూస్తాండా."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను మాత్రం నవ్వించడానికి అనలేదు. అది ఆయనకూ తెలిసింది.  మైకును బాషా చేతికిచ్చి, నందిని దగ్గరికి పోయి రెండు చేతులూ చాచాడు. చిట్టి ఒక్క గెంతులో చేతుల్లోకి వచ్చింది. దాని ఒంటి మీద మట్టిని తువ్వాలుతో తుడిచాడు.

"పిట్ట నాదే సార్. సాకింది నేనే. మా ఇంటిదానికి ఏం సంబంధం లేదు." నా వైపు చూసి, "ఈమె గూడా నాదే," అన్నాడు.

ముందు దాన్ని ఒప్పుకున్నాడు చూడండి, నన్ను తర్వాత. ఇంకో రోజైతే ఆ మాటకు పొయ్యి వెలిగించేదాన్ని కాదు. ఆ రోజు మాత్రం మనసుకు హాయిగా అనిపించింది.

చిట్టిని ఇక ఇంటికి పంపరని, పిట్టల్ని చూసుకునే చోటుకు తీసుకుపోతారని నందిని మెల్లగా చెప్పింది. గాలికి కంతలు చేసిన అట్టపెట్టె తెచ్చారు. మా ఆయనే దాన్ని పెట్టెలో దించాడు. "జొన్నలు పెడితే తినదు సార్. చెదలు పెట్టండి, పుట్ట చూపిస్తే అదే తవ్వుకుంటాది. తలుపు ఏస్తే అలుగుతాది," అని రేంజరుకు చెబుతూ చెబుతూ, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేనూ కళ్ళు తుడుచుకున్నాను. సవతి పోతుంటే ఏడ్చేంత వెర్రిబాగులది ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

రేంజరు నా పేరు కొట్టేసి, కొత్త కాగితం తీసి, మా ఆయన వైపు తిరిగాడు. నెత్తి మీద అంత ఫ్లెక్సీ ఉన్నా సరే, అడిగే రాయాలట.

"చెప్పండన్నా, పేరు?"

మా ఆయన గొంతు పెగల్లేదు. మైకు పట్టుకుంటే ఆగని గొంతు. ఒకసారి పెట్టె వైపు, ఒకసారి నా వైపు చూశాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆ పేరు నా నోటితో ఒక్కసారి కూడా పలకలేదు. ఊరంతా వినేటట్టు పలికాను.

"బయపరెడ్డి," అన్నాను. "నా మొగుడు. రాసుకోండి సార్."