నూనె మిషను మోత

పాత వెల్డింగు మిషను కంటపడితే మేస్త్రమ్మ చేతులు ఊరుకోవు. మూతపడ్డ కార్ఖానా గేటు ముందైనా సరే, ఎవరిదో పాడుబడ్డ గరాజులోనైనా సరే, తుప్పు పట్టిన పెట్టె కనిపించిందంటే మూత తీసి లోపలికి తొంగి చూస్తుంది. లోపల రాగి చుట్ట మిగిలి ఉంటే ఆ మిషను ఇంటికొచ్చినట్టే. రాగి కోసం మిషన్ని సుత్తితో బద్దలుకొట్టేవాళ్లు బాగుపడరని ఆవిడ గట్టి నమ్మకం. తెచ్చినవాటిలో కొన్నిటికి నూనె మారుస్తుంది, చెమ్మెక్కిన చుట్టల్ని ఎండబెడుతుంది, విరిగిన హ్యాండిల్ స్థానంలో దొరికిన ఇనుప ముక్క అతుకుతుంది. చచ్చిందనుకున్నది నిప్పురవ్వ రాల్చిన రోజున ఆవిడ రెండు ముద్దలు ఎక్కువే తింటుంది. ఎంతకీ లేవనివి కూడా బయటికి పోవు. స్పేర్ పార్టులకి పనికొస్తాయంటుంది. అలా షెడ్డు నిండిపోయింది.

షాపు నడిపేది ఇప్పుడు కోడలు. పని నేర్పింది మేస్త్రమ్మే, అదే తను చేసిన పెద్ద పొరపాటని కోపమొచ్చినప్పుడల్లా అంటుంది. కోడలికి పాత మిషన్లతో పనిలేదు. భుజానికి తగిలించుకుని నిచ్చెనెక్కే చిన్న ఇన్వర్టర్ వెల్డింగు మిషన్లు రెండు ఉన్నాయి, వాటితోనే పనంతా కానిస్తుంది. లేనిదల్లా చోటే. పెద్ద గేటు పరచడానికి షెడ్డులో జాగా లేక రోడ్డు మీద పరిస్తే, ఎవరో సైకిలు వాడు తడి రంగు మీదుగా దర్జాగా వెళ్లిపోయాడు. ఆ చక్రాల చారలు డిజైనని గేటు చేయించుకున్నాయనని ఒప్పించేసరికి కోడలికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ సాయంత్రమే తీర్పు చెప్పేసింది.

"వెలిగింది ఉంటుంది అత్తయ్యా, వెలగనిది పోతుంది. ఆదివారం తూకం బాబాయ్ బండి తెస్తాడు. ఒక్కొక్కటీ నేనే పరీక్ష చేస్తాను."

మేస్త్రమ్మ సరేనంది. ఆ మూల కప్పి ఉన్న నూనె మిషను, చుట్ట నూనెలో మునిగి ఉండే పాతకాలపు వెల్డింగు మిషను, గుర్తొచ్చాక గానీ తను దేనికి ఒప్పుకుందో ఆవిడకి తెలియలేదు.

అది ఆవిడ మొగుడిది. షాపు మొదలైంది దానితోనే. ఆయన పోయిన కొన్నాళ్లకే దాని చుట్ట కాలిపోయింది. మళ్లీ చుట్టించాలంటే ఆ రాగి ఖరీదుకి కొత్త మిషనే వస్తుందని చుట్టేవాడు తేల్చేశాడు. అప్పటినుంచి అది మూలనే ఉంది. రోజూ దాని దుమ్ము తుడిచేది ఆవిడొక్కతే.

ఇది మీ మావయ్యదే అని కోడలితో ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పడానికే ఆవిడకి మొహం లేదు. ఎందుకంటే ఇంతకుముందు ఏ తుప్పు డబ్బాని ఇంట్లోకి చేర్చాలన్నా ఇది మీ మావయ్య చేతి మిషనే అని అదే మాట వాడేసింది. మావయ్యకి ఎన్ని చేతులుండేవని కోడలు ఒకసారి నలుగురిలో అడిగేసింది కూడా. ఆయన పోయాక కాపురానికొచ్చిన పిల్ల, దానికేం తెలుసు. ఇప్పుడు నిజం చెప్పినా అబద్ధాల లెక్కలోనే పడుతుంది.

అందుకని మేస్త్రమ్మ తనకి బాగా చేతనైన దారే పట్టింది. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం నూనె తోడేసి, కాలిన చుట్టని పైకి లాగి, పాత చీరలో చుట్టి తన మంచం కిందకి తోసింది. ఖాళీ అయిన ఇనుప తొట్టిని శుభ్రంగా తుడిచి, కోడలి ఇన్వర్టర్ మిషన్లలో ఒకదాన్ని అందులో కూర్చోబెట్టింది. వైర్లు పాత బెజ్జాల్లోంచే బయటికి లాగి, మూత బిగించి, మీద కాస్త దుమ్ము కూడా చల్లింది. ఆఖరికి ఆ దుమ్ము చల్లిన తీరుకి తనే మురిసిపోయింది.

ఇన్వర్టర్ పోయిందని ఆ సాయంత్రం ఇంట్లో గొడవ. నింద కొడుకు మీద పడింది. గేట్లు బిగించే పని అతనిది, ఎక్కడో మరిచిపోయి వచ్చుంటాడని కోడలు తేల్చింది. బిగించిన ఇళ్లన్నిటికీ వెళ్లి అడిగొస్తానని అతను ఆ మర్నాటి నుంచీ రోజూ బయల్దేరాడు. మేస్త్రమ్మకి జాలేసింది. వాడికి పెళ్లాం చేత తిట్లు తినడం అలవాటేనని సర్దిచెప్పుకుంది.

ఆదివారం తూకం బాబాయి బండి తెచ్చాడు. పాత సామాన్లు కొనే మనిషి, దేన్ని చూసినా ముందు బరువే అంచనా వేస్తాడు కాబట్టి ఆ పేరు. షెడ్డులో ఒకటే ప్లగ్గు పాయింటు. కోడలు ఒక్కో మిషన్నీ దానికి తగిలించడం, రాడ్డు గీసి వెలుగుతుందో లేదో చూడడం, వెలగనివాటి మీద సుద్దతో గుర్తు పెట్టడం, బాబాయి వాటిని బండికెక్కించడం. మేస్త్రమ్మ ముక్కు చీదుకుంటూ, ఒక్కోదానికీ వీడ్కోలు చెబుతూ, లోపల మాత్రం నిబ్బరంగానే ఉంది.

చివరికి నూనె మిషను వంతొచ్చింది. కోడలు స్విచ్చి వేసింది.

నిశ్శబ్దం. అప్పుడు మేస్త్రమ్మకి తన తప్పు తెలిసొచ్చింది. పాత మిషన్లన్నీ కరెంటు తగలగానే గూఁ అని మోగుతాయి, రాడ్డు గీసినా గీయకపోయినా, స్విచ్చి ఆపేదాకా మోగుతూనే ఉంటాయి. ఇన్వర్టర్ మోగదు. లోపల చిన్న ఫ్యాను మాత్రం తిరుగుతుంది. అన్నీ చూసుకుంది గానీ ఇది చూసుకోలేదు. కోడలు చెవి అప్పుడే మిషను వైపు వాలుతోంది.

అతుకు ఎలా పడుతుందో దగ్గర్నుంచి చూడాలంటూ మేస్త్రమ్మ గబగబా మిషను పక్కన చతికిలబడి, నల్లద్దం మాస్కు మొహం మీదకి దించేసుకుంది. ఆ మాస్కు వెనక నోరు మూసుకుని, గొంతులోంచి అందుకుంది. గూఁఁఁ.

కోడలు తలూపి తనూ మాస్కు దించుకుని రాడ్డు గీసింది. వెలుగు లేచింది. రాడ్డు అంటుకోగానే మేస్త్రమ్మ మోతని ఓ మెట్టు కిందకి దించి, బరువుగా, గరగరగా లాగింది. పాత మిషను బరువెత్తినప్పుడు అలాగే మూలుగుతుంది మరి. వెలుగు చూడకుండా అటు తిరిగి నిలబడ్డ తూకం బాబాయి, ఈ మిషనేమిటో మధ్యమధ్యలో ఊపిరి పీల్చుకుంటోందే అనుకున్నాడు గానీ పైకి అనలేదు.

రాడ్డు అయిపోయింది. కోడలు మాస్కెత్తి అతుకు చూసుకుంది. వంక పెట్టడానికి లేదు. లేచి వెళ్లి స్విచ్చి ఆపేసింది.

మోత ఆగలేదు.

నల్లద్దంలోంచి రాడ్డు వెలుగు తప్ప ఇంకేమీ కనపడదు. రాడ్డు ఆరిందని మేస్త్రమ్మకి తెలిసింది. స్విచ్చి ఆరిందని తెలియలేదు. అందుకని రాడ్డు లేనప్పటి మోత, సన్నగా, ఒకే తీరుగా, ఎంతో శ్రద్ధగా పలికిస్తూనే ఉంది. తూకం బాబాయి రెండడుగులు వెనక్కి వేశాడు. కోడలు ప్లగ్గు కూడా పీకి చేత్తో పట్టుకుని చూసింది. తర్వాత అతన్ని ఊరుకోమని సైగ చేసి, అత్త ముందుకొచ్చి గొంతుక్కూర్చుని, మెల్లగా మాస్కు పైకెత్తింది.

మేస్త్రమ్మ ఇంకా మోగుతూనే ఉంది. కోడలి మొహమూ, ఆ చేతిలో వేలాడుతున్న ప్లగ్గూ కనిపించాక ఆగింది.

బాబాయి నవ్వాపుకోలేక బండి చాటుకి పోయాడు. కోడలు నవ్వలేదు. మూత తీసి, లోపల హాయిగా కూర్చున్న తన ఇన్వర్టర్ని చూసింది. పాపం, దీనికోసం ఈయనగారు ఈ ఎండలో ఎవరి గుమ్మంలో నిలబడ్డారోనని మాత్రం గొణిగింది.

మేస్త్రమ్మకి ఇక అబద్ధాలేవీ మిగల్లేదు. సిగ్గుతో తల వంచుకుని, నేలనే చూస్తూ చెప్పింది.

"మీ మావయ్య నోరు విప్పి మాట్లాడింది చాలా తక్కువే. ఇది మోగుతుంటే పనిలో ఉన్నట్టు. ఆగితే అన్నానికొస్తున్నట్టు. వంటింట్లో ఉండి అంతా దీన్నిబట్టే తెలుసుకునేదాన్ని. ఆయన గొంతు గుర్తు తెచ్చుకుందామంటే నాకు ఇదే వినిపిస్తుందే."

మావయ్యకి ఎన్ని చేతులని కోడలు ఈసారి అడగలేదు. పొద్దస్తమానం మిషన్ల మధ్య ఉండే తన చెవినే ఆ మోత మోసం చేసింది. ఏళ్ల తరబడి వింటే తప్ప అది గొంతులోకి రాదు. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో ఉండి, మామగారి గురించి తను నిజంగా విన్నది ఇదే మొదటిసారని ఆమెకి తోచింది.

దీని లోపలి చుట్ట ఎక్కడుందని అడిగింది. మంచం కింద అని జవాబొచ్చింది. కోడలు లేచి బండి దగ్గరికెళ్లి, సుద్ద గుర్తున్న మిషన్లలో అదే సైజువి రెండు కిందికి దించమంది. వాటి చుట్టలు బాగానే ఉన్నాయి, కాలింది వేరే చోట, ఆ రాగి విప్పి దీనికి చుట్టించొచ్చని చెప్పింది. ఎత్తిన బరువు మళ్లీ దించడం తన ఇంటావంటా లేదని తూకం బాబాయి మొత్తుకున్నాడు. మొత్తుకుంటూనే దించాడు.

మేస్త్రమ్మ మాత్రం కూర్చున్న చోటే ఉండిపోయింది. కోడలు వచ్చి పక్కన కింద కూర్చుంది.

"మళ్లీ ఒకసారి అనండి అత్తయ్యా."

"ఏంటి అనేది?"

"ఆ మోత. చుట్టించి తెచ్చాక సరిగ్గా వచ్చిందో లేదో నాకెలా తెలియాలి? మావయ్యగారిది నేను వినలేదు కదా."

బాబాయి వింటాడేమోనని మేస్త్రమ్మ అటూ ఇటూ చూసింది. మాస్కు దించుకుని, ఊపిరి నింపుకుని మొదలుపెట్టింది. కాసేపటికి పక్కనుంచి ఇంకో గొంతు కలిసింది, సన్నగా, పైస్థాయిలో, పూర్తిగా తప్పుగా. రాడ్డు పట్టడం నేర్పిన రోజుల్లో కొట్టినట్టే మేస్త్రమ్మ కోడలి మోకాలి మీద ఒక్కటి కొట్టింది.

"కిందకి. ఇంకా కిందకి" అంది.