జింబు గుట్టలో ఛిమీ వంతు

మూడో మలుపు దగ్గర ఛిమీ బుట్టపట్టీని నుదుటి మీద సర్దుకుని, ఊపిరి కోసం ఆగింది. ముస్తాంగ్ కొండల మీద వానాకాలపు పొగమంచు పాకుతోంది. ఊరు కనబడదు. జింబు ఆకు వాసన మాత్రం పైనుంచి దిగుతోంది, ఉల్లికీ వెల్లుల్లికీ మధ్య ఎక్కడో ఉండే వాసన. కాపురానికి వచ్చిన నాటి నుంచీ అది ఆమె వేళ్లను వదల్లేదు. ఆ వేళ్లు తగిలితే ఆకలేస్తుందని మొగుడు బతికినన్నాళ్లూ నవ్వేవాడు.

కోత మొదలయ్యే రోజున ఇంటికొకరు గుట్ట ఎక్కాలి. ఊరిపెద్దకు సొంత చేత్తో కోసిన పిడికెడు ఆకు చూపాలి, అప్పుడు అతను ఆ వంతుకు పేరు పలుకుతాడు. చూపని ఇంటి వంతు పక్కవాడిది, మళ్లీ రాదు. కొడుకు నిరుడు జడలబర్రెల వెంట వెళ్లి మంచుపెళ్లల కింద పోయాడు. కోడలు ల్హాక్యికి నెలలు నిండాయి. ఇంట్లో ఇక మిగిలింది ఛిమీ, ఆమె గుండెల్లో తిష్ఠ వేసిన నొప్పి.

"దిగిపో అత్తా," అన్నాడు పక్క వంతు గ్యుర్మే, వెనక నుంచి వచ్చి. "నీ గుట్ట నేను చూసుకుంటాలే."

"మీసాలు రాకముందు నుంచీ చూస్తూనే ఉన్నావుగా నాయనా. కళ్లు నొప్పెట్టలా?"

వెనకున్న ఆడవాళ్లు కిసుక్కుమన్నారు.

గుట్ట మీద ఊదా పూలు మంచులో తేలుతున్నాయి. ఛిమీ ఎడమ చెయ్యి మాట వినలేదు. కుడి చేతి గోళ్లతో, నేలలోని గడ్డ కదలకుండా, ఒక్కొక్క ఆకే గిల్లింది. పిడికిలి నిండేసరికి ఊరిపెద్ద వచ్చాడు.

"ఎవరిదీ వంతు?"

"ల్హాక్యిది."

"కోసింది నువ్వు కదా వదినా?"

"చెయ్యి నాది, వంతు ఇంటిది. ఈసారి ఆ పిల్ల పేరు పలుకు మరిదీ."

అతను గొంతెత్తి పలికాడు. ల్హాక్యి పేరు కొండ నుంచి కొండకు వెళ్లింది. గ్యుర్మే తలొంచుకుని తన ఆకు తాను గిల్లుకున్నాడు.

ఛిమీ ఉన్ని జోళ్లు విప్పి, తడి గడ్డి మీద కాళ్లు చాపింది. కోతగాళ్ల కబుర్లు నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టున్నాయి. మంచులో ఎవరో జడలబర్రెల్ని ఈల వేసి పిలుస్తున్నారు. ఆ ఈల ఆమెకు తెలుసు. బండకు చేరగిలబడి, వింటూ కళ్లు మూసుకుంది.

"లే అత్తా, పొద్దు వాలింది," అంటూ వచ్చిన గ్యుర్మే, చల్లబడ్డ భుజం తాకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తన బుట్ట అక్కడే దించి, ఆమెను వీపున వేసుకుని దిగాడు. మిగతావాళ్లు వెంట నడిచారు.

బండ పక్కన ఉన్ని జోళ్లు రెండూ ఎగువకు తిరిగి ఉన్నాయి. ఒకదాని అంచున తేనెటీగ వాలి, పుప్పొడి దులుపుకుంటోంది.