లోపలి గుమాస్తా

పప్పు పొంగిందని లేస్తే టైపు మిషనులో కార్బన్ కాగితం జారింది; కార్బన్ సర్దుకుని మళ్లీ లేచేసరికి పప్పు మాడింది. జీనత్‌కు ఒళ్లు మండిపోయింది. మొగుడు మక్బూల్ పిడుగురాళ్లలో తన సున్నపు బట్టీని లిమిటెడ్ కంపెనీ చేసిన దగ్గర్నుంచీ ఇదే గోల. రాయి తోలే లారీల కాంట్రాక్టర్లకూ, కూలీల మేస్త్రీలకూ ఇచ్చే డబ్బులో పన్ను పట్టుకోవాలి, పట్టుకున్నట్టు ఒక్కొక్కరికీ ఫారం ఇవ్వాలి, అందరి లెక్కా కలిపి ఇన్‌కంటాక్సు ఆఫీసుకు పంపాలి. కంపెనీ ఆయనది, సంతకం ఆయనది. టైపు మిషను ముందు పడిపోయే నడుం మాత్రం జీనత్‌ది. ఒక్క అంకె తప్పితే కార్బన్ కాపీలన్నీ చెరిపి దిద్దాలి. "కూర్చుని చేసేదాన్ని కూడా పనంటారా ఏందే?" అంటుంది అత్త చాంద్ బీ, మంచం దిగకుండానే.

ఇదంతా ఒక ఎత్తు, మక్బూల్ పరువు ఒక ఎత్తు. ఇంటి ఆడది కంపెనీ కాగితాలు చేస్తుందంటే నలుగురూ నవ్వుతారట! ముందు గదిలోకి వచ్చినవాళ్లు టకటకలు విని అడిగితే, "లోపల గుమాస్తా ఉన్నాడు" అంటాడు. టైపు ఆగకూడదు, పరదా సందులోంచి అందించే టీ ఆలస్యం కాకూడదు. టీ కోసం కేకేసినప్పుడల్లా ఆ గుమాస్తా ఎందుకు ఆగిపోతాడో ఒక్క మగవాడికీ అనుమానం రాలేదు. నరసరావుపేటలో ఆమె టైపు లోయరు పరీక్ష పాసైతే తండ్రి వీధంతా చెప్పుకున్నాడు. ఈ ఇంట్లో ఒక్కరి ముందైనా "ఇది జీనత్ చేసింది" అంటే చాలని ఆమె ఆశ. పైకి చెప్పుకోవడానికే సిగ్గేసేంత చిన్న ఆశ.

ఆ మధ్యాహ్నం లారీల చెన్నకేశవులు తన ఫారం కోసం వచ్చాడు. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒక్క దిద్దుడు లేదు గదయ్యా! ఏమాత్రం ఇస్తన్నావేంది నీ గుమాస్తాకి?"

పరదా వెనక జీనత్ వేళ్లు ఆగాయి. ఇప్పుడైనా చెబుతాడనుకుంది, పిచ్చిది.

"జీతమా?" మక్బూల్ నవ్వాడు. "అదేం లేదన్నా. తిండి పెడితే చాలు, పడుంటాడు."

"చానా అదృష్టవంతుడివయ్యా!"

"ఏమే, టీ!" కేకేశాడు మక్బూల్.

జీనత్ మూడు గ్లాసుల్లో టీ పోసింది. పరదా పక్కకు లాగి ముందు గదిలోకి నడిచి, ఇద్దరికీ ఇచ్చి, మూడోది తన చేత్తో పట్టుకుని కుర్చీలో కూర్చుంది. మక్బూల్ గ్లాసు కింద పెట్టేశాడు. చెన్నకేశవులు బిత్తరపోయి చూస్తున్నాడు.

"ఆ గుమాస్తాను నేనేనన్నా," అంది జీనత్. "ఆయన పెడుతున్నానన్న ఆ తిండి కూడా నేనే వండుకుంటన్నా."