మొగుడి సంతకం

నేను ఒక ఇత్తడి ఇస్త్రీ పెట్టెను. కడుపులో బొగ్గులు పోసి రాజేస్తే పనిచేసే పాతకాలం దాన్ని. నాకు కోపం ఎక్కువ. బొగ్గుల వేడి సాయంత్రానికి చల్లారేది. మనుషుల వల్ల వచ్చిన ఈ వేడి మాత్రం చల్లారడం లేదు. చల్లారాక చెబుదామని చాలాకాలం ఆగాను. ఇక ఆగను.

కంచరి వీధిలో పుట్టాను. పగిలిన బిందెలు, చిల్లుపడ్డ చెంబులు, ఎవరి పెళ్ళిదో ఒక వంగిన పళ్ళెం కలిపి కరిగించి నన్ను మట్టి అచ్చులో పోశారు. ఆకురాయితో గీకి, పైన టేకు పిడి బిగించారు. మొదట ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు గారింట్లో ఖాకీ బట్టలు ఇస్త్రీ చేశాను. ఆ బట్టలకు గంజి ఎక్కువ, ఆయనకు నోరు ఎక్కువ. బదిలీ మీద వెళ్తూ అరిగిన బూట్లతో పాటు నన్నూ ఇంట్లో పనిచేసే ఆర్డర్లీకి ఇచ్చేశాడు. ఆర్డర్లీ నన్ను సంసోనుకి అమ్మాడు.

సంసోనుది జిల్లా కోర్టు ప్రహరీని ఆనుకున్న ఒంటి గది. వెనక భాగంలో మంచం, పొయ్యి. ముందు భాగంలో బల్ల, దాని మీద దుప్పటి, దుప్పటి మీద నేను. మా దగ్గరికి వచ్చేవన్నీ ప్లీడర్ల బట్టలే. నల్లకోట్లు, గౌన్లు, మెడకు కట్టే తెల్ల పట్టీలు. బల్ల మీద పరిచినప్పుడు ఏ కోటు గెలిచేదో, ఏ కోటు ఓడేదో చెప్పలేం. చంకల కింద అన్నిటికీ ఒకే చెమట.

సంసోనుకి పిల్లల్లేరు. భార్య పోయాక తబిత పనిలోకి వచ్చింది. మిషన్ కాంపౌండు వెనక వీధిలో అద్దెకుండే తాపీమేస్త్రి యోహాను భార్య ఆమె. ముసలాయన చేతులు వణకడం మొదలయ్యాక దుకాణమంతా ఆమే చూసుకుంది. బొగ్గులు రాజేసేది, కోట్లు ఇస్త్రీ చేసేది, మధ్యలో లేచి ఆయనకు గంజి కాచేది. కిడ్నీలు చెడితే ఆస్పత్రికి మోసుకెళ్ళింది కూడా ఆ మొగుడూ పెళ్ళాలే. సంసోను అన్న కొడుకు దానియేలు పక్క ఊళ్ళోనే ఉండేవాడు. ఒక్కసారి వచ్చాడు. గది గోడలు కొలుచుకుని వెళ్ళాడు.

ఆ మర్నాడే సంసోను వీలునామా రాయిస్తానన్నాడు. దస్తావేజులు రాసే మనిషి వచ్చాడు. గది, అందులోని సామాను, నాతో సహా, అన్నీ తన తర్వాత తబితకి అని చెప్పి రాయించాడు. ఇద్దరు సాక్షులు కావాలన్నారు. ఒకరు పాస్టరు జయపాలు గారు.

"రెండో సంతకం యోహాను పెడతాడు" అన్నాడు సంసోను.

యోహాను ఇబ్బంది పడ్డాడు. "నేనెందుకు పెద్దయ్యా? బయటోళ్ళెవరన్నా..."

"ఒరే, పెళ్ళాం చచ్చినోణ్ణి. పెళ్ళయిన పిల్లకి గది రాసిస్తన్నా. రేపు నేను పొయ్యాక దాని గురించి ఈ ఊరు ఏమేం కూస్తదో నీకు తెలీదా? మొగుడే దగ్గరుండి సంతకం పెట్టాడంటే ఎవడన్నా నోరు తెరుస్తాడా?"

పాస్టరు గారు తలూపారు. రాసే మనిషి కూడా, "అది నిజమేనండీ, ఆడవాళ్ళ కాగితానికి మొగుడి సంతకం ఉంటేనే బలం" అన్నాడు. పొదుపు సంఘంలో అప్పు తీసుకున్నా, బడిలో పిల్లల్ని వేసినా అక్కడ అడిగేది అదే మరి. యోహాను చేతులు లుంగీకి తుడుచుకుని, తన పేరును గోడ కట్టినట్టు ఒక్కో అక్షరమే పేర్చి రాశాడు. తబిత గుమ్మం దగ్గర నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ పరువు కోసం పెట్టిన సంతకమే ఆమెను వీధిలో నిలబెడుతుందని ఆ గదిలో ఒక్కరికీ తెలియదు.

సంసోను పోయాడు. గది తన పేరు మీద మార్చమని తబిత మునిసిపాలిటీకి వెళ్ళింది. దానియేలు అప్పటికే అభ్యంతరం పెట్టాడు. "వీలునామా నిజమైనదేనని కోర్టు ముద్ర వెయ్యాలమ్మా. ప్రొబేటు అంటారు. అది తెచ్చుకో" అన్నారట అక్కడ.

కోర్టు మా గోడ అవతలే. కేకేస్తే వినపడే దూరం. కానీ ఆ గోడ దాటడానికి ఎంత ఖర్చవుతుందో అప్పుడే తెలిసింది. గది విలువను బట్టి కోర్టు ఫీజు. ప్లీడరు వెంకటరత్నం గారికి ఫీజు, ఆయన గుమాస్తాకి వేరే. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవచ్చని పేపర్లో ప్రకటన, ఆ డబ్బూ ఆమెదే. ఉన్న ఒక్క అభ్యంతరం దానియేలు. వాడు రోజూ మా గుమ్మం ముందే టీ తాగుతుంటే, వాడికి తెలియడానికి పేపర్లో వెయ్యాలట! తబిత చెవికమ్మలు అమ్మింది. యోహాను సున్నం పనికి తెనాలి వెళ్ళాడు.

దానియేలు తరఫున వకాల్తా వేసింది చలపతిరావు గారు. ఆయన కోటు ఎప్పటినుంచో మా దగ్గరికే వచ్చేది. కేసు నడిచినన్నాళ్ళూ ఆగలేదు. ఉదయం ఆయన గుమాస్తా ఆ కోటు తెచ్చి బల్ల మీద పడేసేవాడు. "తొందరగా కానీ తబితా, ఇవాళ మీదే ఉంది వాయిదా" అని నవ్వేవాడు. ఆమె తడిగుడ్డ పరిచి, కాలర్ దగ్గర నెమ్మదిగా నన్ను నడిపేది. ఆ కోటు తొడుక్కుని వెళ్ళి ఆయన ఆమెను బోనులో నిలబెట్టి, ముసలాణ్ణి ఎలా లొంగదీసుకున్నావని అడిగేవాడు. ఒక్కసారి, ఒక్క క్షణం నన్ను అక్కడే వదిలేస్తే చాలు, కోటు మీద నా ముద్ర పడిపోయేది. నేను కాలుతూనే ఉన్నాను. ఆమె చెయ్యి ఎప్పుడూ ఆగలేదు.

చివరికి తీర్పు వచ్చింది. వీలునామా నిజమైనదే. పాస్టరు గారి సాక్ష్యం, యోహాను సాక్ష్యం కోర్టు నమ్మింది. గోడ అవతల నుంచి యోహాను పరుగెత్తుకుంటూ వచ్చి, "మనదేనంటనే! నిజమేనంట!" అన్నాడు. ఆ రోజు తబిత నన్ను చింతపండుతో తోమింది.

తర్వాత కొన్నాళ్ళకు వెంకటరత్నం గారు మా దుకాణానికి వచ్చారు. చేతిలో చలపతిరావు గారి నోటీసు ఉంది. ఆయన బల్ల దగ్గర నిలబడి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడమ్మా. వీలునామా నిజమే. కానీ అందులో నీకు ఇచ్చింది చెల్లదంటున్నారు. సాక్షి సంతకం పెట్టినవాళ్ళకి గానీ, వాళ్ళ భార్యకి గానీ భర్తకి గానీ ఆ వీలునామాలో ఏమిచ్చినా చెల్లదని ఒక సెక్షనుంది. నీ భాగం పోతే మిగిలిన వారసుడు దానియేలే."

తబితకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "ఆయన సంతకం పెట్టాడని కోర్టే నమ్మింది గదండీ?"

"నమ్మింది. అందుకే వచ్చింది చిక్కు."

"మరి ముందే చెప్పలేదేందండీ?"

"ఇక్కడికొచ్చే వీలునామాలన్నీ హిందువులవే తల్లీ. వాళ్ళకి ఆ సెక్షను వర్తించదు. మీ క్రిస్టియన్స్‌కి ఉంది. నా దృష్టికి రాలేదు."

"కమ్మలమ్మేటప్పుడు కూడా రాలేదాండీ?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. కావాలంటే ఇంకో దావా వెయ్యొచ్చన్నారు. దానికి మళ్ళీ కోర్టు ఫీజు కట్టాలన్నారు. గెలిచే ఆశ లేదని కూడా చెప్పారు, పాపం. ఆ నిజాయితీ ఏదో వకాల్తా మీద వేలిముద్ర వేయించుకునేటప్పుడు ఉంటే ఎంత బాగుండేది! కేసు సాగినన్నాళ్ళూ ఆ సంతకం అందరి కళ్ళ ముందే ఉంది. ఫీజు ఎంత కట్టాలో లెక్క చూసినవాళ్ళు కూడా దాని మీదుగానే చూశారు. పుచ్చుకోవాల్సినవన్నీ పుచ్చుకున్నాక చెప్పారు.

యోహాను ఆ రోజంతా గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. "నా చెయ్యి విరిగిపోయినా బాగుండేది" అన్నాడు.

"ఊరుకో మావా. పెద్దయ్య నా పేరు కాపాడాలనుకున్నాడు. పేరు బాగానే ఉంది. గదే పోయింది" అంది తబిత.

ఆమె నవ్వుతోందనుకున్నాను. లేదు.

దానియేలు వచ్చి తాళం వేసుకున్నాడు. మంచం, బల్ల, గిన్నెలు పాతసామాన్ల వాడికి వేశాడు. నన్ను మాత్రం ఫీజుతో పాటు చలపతిరావు గారికి ఇచ్చాడు, "హాల్లో పెట్టుకోండి సార్, ఇప్పుడు ఇవి ఫ్యాషను" అని. నాకు పాలిష్ పెట్టించారు. నా కడుపులో ప్లాస్టిక్ పూలు గుచ్చి అద్దాల అలమర పక్కన నిలబెట్టారు. వచ్చినవాళ్ళు నన్ను చూసి, పాతరోజుల్లో అన్నీ ఎంత గట్టిగా ఉండేవో అంటారు. అంటూ జీడిపప్పు తింటారు.

మొన్న ఆ ఇంటి అమ్మగారు బట్టలు ఇస్త్రీ చెయ్యడానికి కొత్త మనిషిని పిలిపించారు. ఇల్లిల్లూ తిరిగి బట్టలు పట్టుకెళ్ళే మనిషి. గుమ్మంలోకి వచ్చింది తబిత. ఎవరి ఇల్లో ఆమెకు తెలియదు. ఆమె ఎవరో అమ్మగారికి తెలియదు. నన్ను చూసి తబిత అక్కడే ఆగిపోయింది.

"ఏంటలా చూస్తున్నావ్? పాతకాలం ఇస్త్రీ పెట్టె. ఇలాంటిది ఎప్పుడైనా వాడావా?"

"వాడానమ్మా."

"బరువు కదూ! ఎలా చేసేవాళ్ళో."

తబిత దగ్గరికి వచ్చింది. పిడి మీద చెయ్యి వేసింది. కాయలు కాచిన ఆ అరచెయ్యి ఇంకా నాకు సరిపోతుంది. ఎత్తుతుందనుకున్నాను. చంకన పెట్టుకుని గుమ్మం దాటుతుందనుకున్నాను. నిజమైనదేనని జిల్లా జడ్జి సంతకం చేసిన వీలునామాలో నేను ఆమెదాన్ని. ఆమె నన్ను తీసుకుని నాలుగడుగులు వేస్తే మాత్రం దొంగతనం. దానికి ప్రకటన అక్కర్లేదు, స్టాంపులు అక్కర్లేదు, వాయిదాలు అక్కర్లేదు. ఒక్క ఫోను చాలు.

ఆమె చెయ్యి తీసేసింది.

"మీ బట్టలు ఇంకెవరికైనా ఇవ్వండమ్మా" అంది.

"అదేంటి? రేటు చాలదా? రూపాయి ఎక్కువిస్తానులే!"

తబిత అప్పటికే మెట్లు దిగుతోంది.