నాన్న మీసం మీద ఎన్నిక

"ఓటంటే ఏంటి నాన్నా?" అని కూతురు అడిగినప్పుడు పెయింటరు నోటితో చెప్పి ఊరుకుని ఉంటే ఆయన మీసం ఈపాటికి మొహం మీదే ఉండేది.

ఎన్నికలొస్తే ఊళ్లో గోడలన్నీ ఆయన కుంచెతోనే మాట్లాడతాయి. ఏ పార్టీ గోడైనా ఒకటే శ్రద్ధ. అంతటివాడు ఇంట్లో పాఠం చెప్పడానికి వెనకాడతాడా? "ఆదివారం ఇక్కడే ఎన్నిక పెడదాం. దేని మీద పెడదాం?" అన్నాడు.

"నీ మీసం మీద. ముద్దు పెడితే గుచ్చుకుంటుంది. తీసెయ్యాలి," అంది కూతురు.

పెయింటరు లెక్క వేసుకున్నాడు. అమ్మ కన్నతల్లి, ఓటు ఎటూ పోదు. మీసం బాగుందని పెళ్లయిన కొత్తలో భార్య ఒకసారి అన్నది. కొడుకు చిన్నాడు, తను ఏం చెబితే అది. తన ఓటు తనకే. ఇంక కూతురొక్కతే ఏం చేస్తుంది?

"ఓడినవాళ్లు కిమ్మనకూడదు," అని షరతు కూడా తనే పెట్టాడు.

ఆయన గుర్తు మీసం. కూతురి గుర్తు పిల్లి. "రెండూ నువ్వే గియ్యాలి, మాకు రాదుగా!" అంది.

గిరాకీ పని ముందు, సొంత పని తర్వాత. అది ఆయన పద్ధతి. పిల్లిని ముందు పట్టుకున్నాడు. ఒక చెవి మడిచాడు. తోకను కాళ్ల చుట్టూ తిప్పాడు. ముక్కు మీద తెల్లచుక్క పెట్టి, తడి మెరుపు వచ్చిందో లేదో దూరం నుంచి చూసుకున్నాడు. మీసం దగ్గరికి వచ్చేసరికి నల్లరంగు డబ్బా అడుగుకు చేరింది. రెండు గీతలు గీసి అయిందనిపించాడు.

"ఏంట్రా అది, బొద్దింకా?" అంది తల్లి.

"మీసమే అమ్మా."

"అడగబట్టి సరిపోయింది. చెప్పు తియ్యబోయాను."

పోలింగుకు ముందు ఉపన్యాసం ఇచ్చాడు. "ఈ మీసం నా ఒక్కడిదే కాదు, మీ అందరిదీ!"

"అయితే మా వాటా మేం కత్తిరించుకుంటాం లెండి," అంది భార్య.

బాత్‌రూమే పోలింగ్ బూత్. గోడకు రెండు బొమ్మలు, వాటి కింద మూతకు చీలిక పెట్టిన రెండు ఖాళీ డబ్బాలు. మనిషికి ఒక చొక్కా గుండీ. నచ్చిన డబ్బాలో వేసి రావాలి. అందరి వేళ్లకీ పెయింటరే రంగు చుక్క పెట్టాడు. చిన్నాడు ముక్కుకు కూడా పెట్టించుకున్నాడు.

చివరికి పెయింటరు లోపలికి వెళ్లి గడియ వేసుకున్నాడు. రెండు బొమ్మల్నీ పక్కపక్కన చూడటం అదే మొదలు. మీసం ఎడమ కొస జారిపోయింది. ఇలాంటి బోర్డు రాసిస్తే ఏ కొట్టువాడైనా మొహాన కొడతాడు. పిల్లి మాత్రం ఆయన్నే చూస్తోంది. ముక్కు మీద తడి ఇంకా ఆరనట్టే ఉంది.

"ఓటేస్తున్నారా, కునుకు తీస్తున్నారా?" భార్య తలుపు కొట్టింది. గుండీ డబ్బాలో పడిన చప్పుడయింది.

కూతురు మీసం డబ్బా బోర్లించింది. ఏమీ రాలలేదు. పిల్లి డబ్బా బోర్లిస్తే గుండీలు ఐదూ దొర్లాయి.

"నాన్నా, నువ్వు కూడానా?"

"ఓటు రహస్యం," అన్నాడు పెయింటరు.

"ఐదుకి ఐదొచ్చాక ఇంకెక్కడి రహస్యంరా!" అంది తల్లి.

"అది కాదమ్మా, పిల్లికీ మీసాలు ఉన్నాయి కదా. ఆ లెక్కన చూస్తే..."

"కిమ్మనకూడదు," అంది కూతురు.

ఆయన అద్దం ముందుకు వెళ్లి మీసం తీసేసి వచ్చాడు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది. చిన్నాడు మాత్రం ఆయన వంక చూడనే లేదు. మంచం కింద దూరాడు, తలుపు వెనక చూశాడు, బియ్యం డబ్బా మూత తీశాడు.

"ఏం వెతుకుతున్నావురా?"

"పిల్లిని. గెలిచింది కదా, ఇంకా రాలేదేంటి?"

పెయింటరు బోసిపోయిన పై పెదవి తడుముకున్నాడు. "గెలిచినవాళ్లని అడుగు," అని కూతురి వైపు చూపించాడు.

కూతురు గుండీలన్నీ గుప్పిట్లోకి ఏరుకుంది.

"వస్తుందిలేరా," అంది తమ్ముడితో. "ఐదేళ్లు ఉన్నాయిగా!"