నవల మధ్యలో చక్కెర డబ్బా

బైండింగు షాపులో ఆమెను అందరూ ముంగి అనేవారు. పొద్దస్తమానం ఫారాలు మడిచినా నోటినుంచి పది మాటలు రాలవని ఆ పేరు. పదహారు పేజీలు అచ్చయిన పెద్ద కాగితానికి మూడు మడతలు వేసి, బద్దతో నొక్కితే ఒక ఫారం. అలాంటివి పన్నెండు కలిపి కుడితే ఒక నవల.

ఆమెకు మాటలు లేక కాదు. లోపల అవి ఆగకుండా నడుస్తూనే ఉండేవి. పెదవి దాకా వచ్చేసరికి ఎవరో గుమ్మంలో నిలబడి "ఎవరడిగారు నిన్ను?" అన్నట్టుండేది. ఆ గొంతు ఎవరిదని చాలాసార్లు ఆలోచించింది. ఒక్కోసారి నాన్నది, ఒక్కోసారి భర్తది. సరిగ్గా చెవి పెట్టి వింటే తనదే.

అందుకని రాసేది. ఒకవైపే అచ్చుపడి పాడైన ఏడో ఫారం కాగితం ఒకటి దాచుకుని, భోజనాల వేళ విప్పి, ఖాళీ వైపున కాస్త రాసి, మళ్లీ మడిచి తన దొంతర కింద పెట్టేది. ఏ పేజీ ఎటు తిరుగుతుందో ఆమె చేతికి తెలుసు. మడిచాక అది అచ్చం మిగతా ఏడో ఫారాల్లాగే ఉండేది. దాచడానికి అంతకంటే మంచి చోటు లేదనుకుంది.

ఎనిమిది పేజీలూ నిండాక పని ఒత్తిడిలో నాలుగు రోజులు దాని జోలికి పోలేదు. ఐదో రోజు దొంతర కింద చెయ్యి పెడితే లేదు.

"అక్కా, నా దొంతర కింది ఫారం ఎవరు తీశారు?"

కుట్టుపని చేసే పెద్దావిడ సూది ఆపింది. "అబ్బో, ముంగికి మాటొచ్చిందర్రా! నేనే తీశాను మొన్న. ఏడో ఫారం ఒకటి తక్కువైతే. ఏం, అందులో ప్రేమలేఖ గానీ పెట్టావా?"

గదంతా నవ్వింది. ఆమె మాత్రం లేచింది. పుస్తకాలు సరిచూస్తానని చెప్పి, ఒక్కొక్కటీ ఏడో ఫారం దగ్గర తెరిచింది. అన్నిట్లోనూ అచ్చే. సాయంత్రం చివరి పుస్తకం మూస్తుంటే గుర్తొచ్చింది. నిన్న ఒక పుస్తకం సరిగా మూసుకోక పొట్ట ఉబ్బి తేలింది. అమ్మకానికి పనికిరాదని పక్కన పడేస్తే, అత్తకు నవలల పిచ్చి కదా అని తనే అడిగి ఇంటికి పట్టుకెళ్లింది. విప్పి మడిచి, విప్పి మడిచి ఉబ్బింది తన కాగితమే.

అందులో ఉన్నదీ అత్తే. మధ్యాహ్నం వంటింటి తలుపు దగ్గరగా వేసి చక్కెర తినే అత్త. తిన్నాక కళ్లు మూసుకుని, ఎవరికీ ఏమీ కాని మనిషిలా రెండు నిమిషాలు నిలబడే అత్త. ఆ చూసిన సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఏకంగా అత్తకే చెప్పింది, అదీ నీలం సిరాతో.

అత్త మొహం ముడుచుకుంటే ఇక కలం ముట్టనని దారిపొడవునా అనుకుంది. ఆ నిర్ణయంలో ఏదో హాయి ఉన్నట్టు కనిపెట్టి, తన మీద తనకే కోపమొచ్చింది.

అత్త కిటికీ పక్కన కూర్చుని ఉంది. కళ్లద్దాలు ముక్కు చివర, పుస్తకం ఒళ్లో.

"వచ్చావా? ఇలా కూర్చో. ఈ నవల నాకు అర్థం కావట్లేదు."

"ఏమైందత్తయ్యా?"

"అచ్చులో అత్త కోడల్ని ఏడిపిస్తోంది. పేజీ తిప్పితే చేతిరాతలో ఇంకో అత్త, చక్కెర తింటోంది. మళ్లీ తిప్పితే ఆ కోడలు ఇంకా ఏడుస్తూనే ఉంది. మళ్లీ తిప్పితే ఈవిడ డబ్బా మూత పెడుతోంది."

ఆమె తల దించుకుని పుస్తకం కోసం చెయ్యి చాచింది.

"సరుకుల చీటీ రాసే చెయ్యి నేను గుర్తుపట్టలేననుకున్నావా?"

"తప్పయిపోయిందత్తయ్యా. ఇంకెప్పుడూ..."

"తప్పే మరి! చెంచాతో తింటుందని రాశావు. చెంచా తీస్తే చప్పుడవదూ? అరచేతిలో పోసుకుంటాను."

ఆమె తలెత్తి అత్త మొహంలో కోపం కోసం వెతికింది. కనిపించింది సిగ్గు, ఆటలో దొరికిపోయిన పిల్ల మొహంలో ఉండే సిగ్గు.

"నేను కాపురానికొచ్చినప్పుడు ఆ డబ్బాకి తాళముండేది," అంది అత్త. "మా అత్తగారు పోయాక డబ్బా నాదే, ఇల్లూ నాదే. అయినా తలుపేసుకునే తింటున్నాను. ఎందుకో నాకే తెలీదు. నువ్వు రాశావు చూడు, అడక్కుండా తీసుకున్న ఆ కాస్త చక్కెరే నీ కథలో అత్త సొంతమని. అది చదివి కాసేపు నవ్వాను. కాసేపు..." అంటూ కళ్లద్దాలు తుడుచుకుంది.

"ఇలాంటివి ఎవరైనా చదువుతారా అత్తయ్యా?"

"ఈ అచ్చుపడ్డ అత్తని చదవట్లా? ముప్పై ఏళ్లుగా ఏ పుస్తకం తీసినా ఇదే మనిషి. ఆకలీ లేదు, నిద్రా లేదు, కోడల్ని ఏడిపించడమే ఉద్యోగం! రాసినాయన ఎప్పుడైనా మధ్యాహ్నంపూట ఇంట్లో ఉంటేగా!"

ఇద్దరూ ఒక్కసారే పగలబడి నవ్వారు. అత్త లేచి వంటింట్లోంచి డబ్బా తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. "పై వరసలు కత్తిరింపులో పోయాయి. అక్కడేముందో చెప్పు. మొదట్నుంచీ చదువు, గట్టిగా."

ఆమె పుస్తకం అందుకుంది. గుమ్మంలోని గొంతు రానే వచ్చింది, ఎవరడిగారు నిన్ను అంటూ. అత్తయ్య అడిగింది, అని జవాబు చెప్పుకుని చదవడం మొదలుపెట్టింది.

రెండో పేజీలో ఉండగా భర్త వచ్చాడు. ఇద్దర్నీ, డబ్బానీ మార్చి మార్చి చూశాడు. "ఏంటమ్మా ఇది? టీ లేదా?"

"నవల చదువుతున్నాం. నువ్వే పెట్టుకో, మాకూ పెట్టు."

వంటింట్లో గిన్నెల చప్పుడయింది. కాసేపటికి కేక. "చక్కెర ఏదీ?"

అత్త అరచెయ్యి నోటికి తీసుకెళ్తూ, తలుపు బార్లా తెరిచి ఉన్న వంటింటివైపు చూసి కేకేసింది.

"మా దగ్గరుంది. వచ్చి అడుగు!"