పదహారు ముప్పైలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దానికి తగ్గ ఉద్యోగమే దొరికింది. పక్కసీట్లో కూర్చుని జనానికి కారు నేర్పుతాను. నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది; నేర్చుకునేవాళ్ళు గోడ మీదికో లారీ కిందికో బయల్దేరితే నేను తొక్కుతాను. రోజంతా నా కోపం ఆ కుడికాలికే ఖర్చయిపోతుంది కాబట్టి తను బతికి బట్టకడుతున్నానని మా ఆయన అంటాడు.

స్టూడెంట్లను స్కూలు ఓనరు పంపిస్తాడు, కారు మాత్రం నాది. దాన్ని ముసల్ది అని పిలుచుకుంటాను. నేర్పే కారుకు పదేళ్ళు నిండితే పర్మిట్ ఉండదు. ముసల్దానికి వచ్చే నెలాఖరుకు పదేళ్ళు. ఆలోగా కొత్త కారు తేకపోతే నా స్టూడెంట్లను వేరేవాళ్ళకు ఇచ్చేస్తానని ఓనరు ముందే చెప్పాడు. మనిషి మంచివాడే, నవ్వుతూనే చెప్పాడు. మా ఆయన జీతం అద్దెకీ పిల్ల ఫీజుకీ బొటాబొటిగా సరిపోతుంది. మిగతా ఇల్లంతా నడిచేది ముసల్దాని మీదే.

కొత్త కారుకు లోను కావాలి, లోనుకు ఏడువందల యాభై స్కోరు కావాలి. ఆర్నెల్ల కిందట నా క్రెడిట్ స్కోరు ఆరువందల నలభై ఆరు. పదో తరగతిలో లెక్కల మాస్టారు కూడా నన్నింత అవమానించలేదు.

అప్పటినుంచి ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాను. కార్డు బాకీ మొత్తం తీర్చి దాన్ని బీరువా అడుగున పడేశాను. ఫోను వాయిదా గడువుకు నాలుగు రోజుల ముందే కట్టాను. ఒకేసారి నాలుగు బ్యాంకుల్లో అడిగితే ఉన్న స్కోరు కూడా దిగుతుందంటే ఎక్కడా నోరు తెరవలేదు. కొత్త కార్డు ఇస్తామని ఫోన్ చేసిన ప్రతివాడికీ తుప్పు వదిలించాను. జ్వరం చూసుకున్నట్టు నెలనెలా స్కోరు అంకె ఒక్కటే చూసుకునేదాన్ని, కాకపోతే ఇది పెరిగితే సంతోషం. ఏడువందల రెండు దాకా పెరిగింది. అక్కడ ఆగి, ఇక కదిలితే ఒట్టు.

ఐదు వారాలే మిగిలాయనగా బ్యాంకుకు వెళ్ళాను. లోన్ల టేబుల్ దగ్గర కూర్చునే కళ్ళజోడాయన నా రిపోర్టు ప్రింటు తీసి కాగితాన్ని నావైపు తిప్పాడు.

“కార్డు బావుంది, ఫోను బావుందండీ. మిమ్మల్ని కిందికి లాగుతున్నది ఇదీ,” అని పెన్నుతో ఒక వరస చూపించాడు.

వరసంతా చిన్న చిన్న గడులు. మొదటి మూడింట్లో సున్నాలు. తర్వాత ముప్పై, ముప్పై, ముప్పై. లెక్కపెడితే పదహారు ముప్పైలు.

“ముప్పై అంటే ఏంటండీ?”

“ముప్పై రోజులు ఆలస్యం. పదహారు నెలలుగా ప్రతి వాయిదా నెల ఆలస్యంగా కడుతున్నారు.”

“నేనా? ఏ వాయిదా?”

“వాషింగ్ మిషనుదండీ.”

అది అమ్మ మిషను. మోకాళ్ళు వంగక, బట్టలు ఉతకలేక అమ్మ అవస్థ పడుతుంటే కొన్నాం. నాన్న వయసు చూసి కొట్టువాళ్ళు వాయిదాల మీద ఇవ్వలేమంటే నా పేరు మీద తీసుకున్నాం. ఇరవై నాలుగు వాయిదాలు. “నీ సంతకం చాలు తల్లీ, నీ చిల్లిగవ్వ అక్కర్లేదు,” అన్నాడు నాన్న. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. ఒకటో తారీఖున పెన్షను తీసుకుని, నేరుగా కొట్టు కౌంటరుకు పోయి, చిల్లరతో సహా లెక్కపెట్టి కట్టి రసీదు తెచ్చుకుంటాడు. ఎండైనా వానైనా అంతే. అందుకే ఆ అప్పు సంగతే మర్చిపోయాను. అమ్మ ఆ మిషను వాడింది మూడు నెలలు. నాలుగో నెలలో తనే పోయింది.

దారంతా నాన్నను కడిగిపారేయాలనే అనుకున్నాను. కౌంటరుకు పోతున్నానని చెప్పి ఎక్కడికి పోతున్నాడో తేల్చుకుందామనుకున్నాను. ముసలితనంలో ఏం పోయేకాలం వచ్చిందని కూడా అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మేడ మీద రెండు గదుల్లో ఉంటాడు నాన్న. నేను వెళ్ళేసరికి బకెట్లో చొక్కాలు నానబెట్టి చేత్తో ఉతుక్కుంటున్నాడు. పక్కనే మిషను, దాని మీద అమ్మ దుప్పటి నాలుగు మూలలూ సరిచేసి కప్పి ఉంది.

“మిషను వాయిదా కడుతున్నావా నాన్నా?”

“అదేం ప్రశ్న? ముప్పై ఏళ్ళలో ఒక్క టిక్కెట్టు లెక్క తప్పినవాణ్ణి కాదు. ఈ లెక్క తప్పుతానా?”

చేతులు తుడుచుకుని, కండక్టరుగా ఉన్నప్పటి తోలుసంచీ తెచ్చాడు. అందులోంచి క్లిప్పు పెట్టిన రసీదుల కట్ట తీశాడు. వేలు తడిచేసుకుంటూ టిక్కెట్లు లెక్కపెట్టినట్టే లెక్కపెట్టాడు. పంతొమ్మిది.

“చూశావా?” అన్నాడు గర్వంగా.

“ఇది ఇరవయ్యో నెల నాన్నా. మొన్న ఒకటో తారీఖుది కలిపి ఇరవై ఉండాలి.”

“ఎక్కడో జారి ఉంటుందిలే.”

మళ్ళీ లెక్కపెట్టాడు. సంచీ తిరగేసి దులిపాడు. లోపలి అరలో వేళ్ళు పెట్టి తడిమాడు. అప్పుడు కళ్ళజోడు పెట్టుకుని తారీఖులు చదవడం మొదలుపెట్టాడు. మూడో రసీదు దగ్గర ఆగాడు, నాలుగోది చూశాడు, మళ్ళీ మూడోది చూశాడు.

మధ్యలో లేనిది అమ్మ పోయిన నెల. ఆ ఒకటో తారీఖున నాన్న ఆస్పత్రి వరండాలో ఉన్నాడు. తొమ్మిదో తారీఖుకు అమ్మ లేదు. మరుసటి నెల ఒకటిన మామూలుగా వెళ్ళి కట్టాడు. కొట్టువాళ్ళు దాన్ని వెనకటి నెల కింద జమ వేసుకున్నారు. ఆ తర్వాత కట్టినదీ అంతే. ఒక్క నెల తప్పితే, ఆ తర్వాత తప్పకుండా కట్టినవన్నీ ఆలస్యాలే అయ్యాయి. రసీదు అడుగున చీమంత అక్షరాల్లో ఏ నెల వాయిదానో రాసే ఉంది. నాన్న ఎప్పుడూ చూసింది పైనున్న అంకె, కింద కౌంటరు ముద్ర.

“మరి ఫోన్ చెయ్యలేదేం వాళ్ళు? ఒక్క మాట చెప్తే కట్టేసేవాణ్ణి కదా,” అన్నాడు.

ఏ నెంబరుకు చేస్తారు? ఫారంలో అమ్మ నెంబరు రాశాం. మిషను తెచ్చేవాళ్ళు తనతోనే మాట్లాడాలని అమ్మ పట్టుబట్టింది. ఆ ఫోను అమ్మ పోయినప్పుడు ఆఫ్ చేసి సొరుగులో పెట్టాం, ఇంకా అక్కడే ఉంది.

నాకు ఏడుపు రావాల్సిన చోట కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆ సాయంత్రమే ఇద్దరం వెళ్ళి తప్పిన వాయిదా కట్టేశాం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అది.

మర్నాడు పొద్దున్నే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ఇంటికి వచ్చాడు. చంకలో తోలుసంచీ.

“బ్యాంకుకు పోదాం పద. నేను చెప్తాను ఆయనకి. వాళ్ళూ మనుషులే కదా, వాళ్ళకీ తల్లీతండ్రీ ఉంటారు.”

వద్దని చెప్పాలనుకున్నాను. ఆ చొక్కా చూశాక చెప్పలేకపోయాను.

కళ్ళజోడాయన ఓపిగ్గా విన్నాడు. నాన్న టేబుల్ మీద రసీదులన్నీ వరసగా పేర్చి, ఏ నెల ఏమైందో వేలు పెట్టి చూపిస్తూ చెప్పాడు. ఆస్పత్రి దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేలు రసీదు మీదే ఉండిపోయింది.

“అర్థమైందండీ,” అన్నాడాయన మెల్లగా. “రిపోర్టులో తప్పు పడి ఉంటే దిద్దమని రాయొచ్చు. కానీ ఆ నెల కట్టలేదన్నది నిజమే కదండీ?”

కట్టానని చెప్పు నాన్నా, రసీదు పోయిందని చెప్పు అని మనసులో నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

“నిజమేనండీ,” అన్నాడు నాన్న.

“కారణం రాయడానికి ఇందులో గడి లేదండీ. రోజులు వేయడానికే ఉంది. ఇకనుంచి సరిగ్గా కడితే స్కోరు మెల్లగా పెరుగుతుంది. ఒక ఏడాది ఆగి రండి.”

“ఏడాదా? మా అమ్మాయికి ఐదు వారాలే ఉందండీ.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన మీద కూడా నాకు కోపం రాలేదు, అదే నన్ను భయపెట్టింది. నాన్న రసీదులను ఒక్కొక్కటే తీసి, తారీఖుల వరస తప్పకుండా మళ్ళీ క్లిప్పు పెట్టాడు. వెనక టోకెన్లు పట్టుకున్నవాళ్ళు గొణుక్కుంటున్నారు.

స్కోరు అడగకుండా ఇచ్చేవాళ్ళు బజారులో లేకపోలేదు. ఆ వడ్డీకి కొంటే కారు వాళ్ళ కోసం పరిగెత్తాలి గానీ నా కోసం కాదు. “మిషను అమ్మేద్దామా?” అన్నాడు నాన్న ఒకరోజు, నా మొహం చూడకుండా. దానికి కారు టైర్లు కూడా రావు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. వద్దన్నాను.

నెలాఖరున ముసల్దాన్ని అప్పగించాను. కొన్నవాడు నా వైపు బ్రేకు తనకు అక్కర్లేదని అక్కడికక్కడే పీకించేశాడు. స్కూల్లో ఓనరు నన్ను ఫోను దగ్గర కూర్చోబెట్టాడు. జీతం సగం. నా స్టూడెంట్లు ఫోన్ చేసి “మేడం, కొత్త టీచరు అరవడం లేదండీ” అంటే క్లాసు టైము చెప్పి పెట్టేస్తున్నాను.

ఒకటో తారీఖున నాన్నతో కలిసి బస్సులో కౌంటరుకు వెళ్ళాను. వాయిదా కట్టాక ఆయన రసీదును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివాడు.

“ఈ నెలదే. ఇదిగో చూడు, ఈ నెలదే వేశారు. ఇప్పుడు పెరుగుతుందా?”

“పెరుగుతుంది నాన్నా.”

తిరిగి వస్తుంటే బస్సు కిక్కిరిసి ఉంది. ఇద్దరికీ ముందు సీటే దొరికింది, డ్రైవరుకు పక్కగా. కూడలి దగ్గర ఎవడో స్కూటరువాడు అడ్డంగా దూసుకొచ్చాడు. నా కుడికాలు దానంతటదే లేచి, నేలను గట్టిగా తొక్కింది. బస్సు ఆగిన తర్వాత కూడా తొక్కుతూనే ఉంది. నాన్న వంగి నా కాలు వైపు చూశాడు. మోకాలి మీద చెయ్యి వేశాడు.

“నొక్కకమ్మా,” అన్నాడు. “అక్కడేం లేదు.”